ఎండ అనంతపురానిది, ఎత్తు పాచిపెంటది

వేగావతి పాచిపెంట కొండల్లో పుడుతుంది. సాలూరును తడిపి, కింది పల్లపు పొలాలకు నీరిచ్చి చివరికి నాగావళిలో కలుస్తుంది. పాచిపెంట మండలంలోనే పెద్దగెడ్డ జలాశయం ఉంది. పి.కోనవలస ఘాటెక్కితే అవతల ఒడిశా సుంకి. జీడితోటలు, చింతచెట్లు, చోడి చేలు, అడ్డాకులు, కొండచీపుర్లు ఇక్కడి బతుకు.

2022 జూన్‌లో రాష్ట్ర పెట్టుబడుల ప్రోత్సాహక మండలి అదానీ గ్రీన్ ఎనర్జీకి 3,700 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ జలవిద్యుత్ ప్రాజెక్టులను ఆమోదించింది. పెట్టుబడి 15,376 కోట్ల రూపాయలని చెప్పారు. అందులో రెండు మన పార్వతీపురం మన్యం జిల్లావి: కురుకుట్టి దగ్గర 1,200 మెగావాట్లు, కర్రివలస దగ్గర 1,000 మెగావాట్లు. అప్పటినుంచి సాలూరు, పాచిపెంట కొండల్లో ఈ మాట నలుగుతూనే ఉంది.

ఇక్కడ వాదించుకునే ఇద్దరిలో ఒకరు విద్యుత్ శాఖలో రిటైరైన ఇంజనీరు. ఉద్యోగం మొదట్లో ఈ మండలంలో పనిచేశారు. బండి వెళ్లని ఊళ్లకు మనుషుల చేత స్తంభాలు మోయించి లైన్లు లాగించారు. కొండ మీదివాళ్లకు ఆయన ఇప్పటికీ ఏఈ గారే. రెండోవారు కొండదొర ఇంటి ఆడపడుచు, ప్రభుత్వ బడిలో టీచరు. పేర్లు అక్కర్లేదు, మాటలు చాలు.

ఇంజనీరు: టీచరమ్మా, ముందు దేశం మ్యాపు ఒకసారి చూడండి. 2025 జనవరిలో మన సౌర విద్యుత్ సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. అదంతా ఎక్కడుంది? రాజస్థాన్‌లో భడ్లా ఒక్క పార్కే 2,245 మెగావాట్లు. గుజరాత్ కచ్‌లో ఖావ్‌డా పూర్తయితే 30 వేల మెగావాట్లు. గాలి అంటే తమిళనాడు, గుజరాత్, కర్ణాటక. తూర్పు దిక్కున ఏముంది? 2025 మొదటికి బీహార్లోనూ జార్ఖండ్‌లోనూ సౌర విద్యుత్తు వెయ్యి మెగావాట్లు కూడా లేదు. పడమర వెలిగింది, తూర్పు మిగిలిపోయింది. మన రాష్ట్రంలోనూ ఇదే కథ. గడివేముల మండలం గని, ఓర్వకల్లు మండలం శకునాల ఊళ్లలో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017కే నడిచింది. ఎన్.పి.కుంటలో ఇంకొకటి. గాలిమరలు 4 వేల మెగావాట్లకు పైగా ఉంటే దాదాపు అన్నీ రాయలసీమలోనే. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం కలిపి చూస్తే చెప్పుకోదగ్గది లేదు. మన పిల్లలు కూలికి చెన్నై, హైదరాబాదు పోతున్నారు. ఇన్నాళ్లకు ఒక పెద్ద పని మన కొండ దగ్గరికొస్తే వద్దంటారేటి?

టీచరు: చెప్పుకోదగ్గది లేదంటారేటండీ ఏఈ గారూ! సూర్యుడి కరెంటు పుట్టకముందే కరెంటిచ్చినవి ఈ కొండలే. మాచ్‌ఖండ్ 1955లో మొదలైంది. సీలేరు ఎగువన 240 మెగావాట్లు, దిగువన 460. ఇవన్నీ తూర్పు కనుమల్లో గిరిజనుల మధ్య కట్టినవే కదా. నీళ్లు తిప్పి చేసే కరెంటు పునరుత్పాదకం కాదా? మాచ్‌ఖండ్ కోసం దాదాపు మూడు వేల కుటుంబాలు ఊళ్లు వదిలాయి, అందులో సగం మంది గిరిజనులు. వాళ్లలో చాలామందికి మళ్లీ భూమి దక్కలేదు. విశాఖపట్నం వెలిగింది. ఆ డ్యాము చుట్టుపక్కల ఊళ్లకు స్తంభం రావడానికి ఎన్నేళ్లు పట్టిందో నాకంటే మీకే బాగా తెలుసు, స్తంభాలు మోయించింది మీరే.

ఇంజనీరు: తెలుసు. అది ఆ కాలం తప్పు, కాదనను. కానీ ఇప్పటి లెక్క వేరు. మధ్యాహ్నం అనంతపురంలో ఎండ మండిపోతుంది, కరెంటు ఎక్కువైపోతుంది. సాయంత్రం ఆరు దాటాక ప్రతి ఇంట్లో లైటు, ఫ్యాను, పొయ్యి ఒక్కసారే వేస్తారు, అప్పుడు సూర్యుడుండడు. మధ్యాహ్నం మిగిలిన కరెంటు రాత్రికి దాచాలి. దాచడానికి రెండు చెరువులు కావాలి, ఒకటి కొండ మీద, ఒకటి కొండ కింద. పగలు చవక కరెంటుతో నీళ్లు పైకి తోడతాం, రాత్రి వదిలి టర్బైను తిప్పుతాం. తోడడానికి వంద యూనిట్లు ఖర్చయితే తిరిగి వచ్చేది 75 నుంచి 80. ఆ మాత్రం నష్టం భరించాల్సిందే, చీకట్లో దొరికే యూనిట్ విలువ ఎక్కువ కాబట్టి. ఇదేం కొత్త సంగతి కాదు. శ్రీశైలం ఎడమగట్టున 900 మెగావాట్లు ఇలాగే పనిచేస్తాయి. బెంగాల్లో పురూలియా, తమిళనాడులో కడంపారై ఇవే.

టీచరు: దాచే పని రాయలసీమలోనే అవుతుంది కదా. పిన్నాపురంలో 1,680 మెగావాట్లకు సోలారు పక్కనే కట్టారు. మా కొండ దాకా రావడమెందుకు?

ఇంజనీరు: ఎత్తు కోసం. లెక్క చెబుతాను వినండి. వెయ్యి మెగావాట్లు ఆరు గంటలు నడపాలంటే, రెండు చెరువుల మధ్య 300 మీటర్ల ఎత్తుంటే సుమారు 80 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు చాలు. టీఎంసీలో మూడో వంతు కూడా కాదు. ఎత్తు సగమైతే నీళ్లు రెట్టింపు కావాలి, చెరువు రెట్టింపు అవుతుంది, మునిగే నేలా పెరుగుతుంది. మీ వెనకాల కోరాపుట్‌లో దేవమాలి 1,672 మీటర్లు. అంత ఎత్తున్న కొండలు, కిందనే మైదానం, పక్కనే వాడకందారు విశాఖపట్నం. పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. దానికి వేల మెగావాట్లు రాత్రీపగలూ కావాలి. సరుకు వాడేచోటే గోదాము ఉండాలి. ఎండ అనంతపురానిది, ఎత్తు మీది. రెండూ కలిస్తేనే రాష్ట్రం నడుస్తుంది.

ఈ వాదంలో బలం ఉంది. ప్రాంతాల మధ్య తేడాను మనం సాధారణంగా ఎవరికి ఎన్ని మెగావాట్లు వచ్చాయన్న లెక్కతోనే చూస్తాం. ఎండ బాగా కాసే చోట ఫలకాలు, ఎత్తున్న చోట నిల్వ, సముద్రం ఒడ్డున ఫ్యాక్టరీ అని పనులు పంచుకునే లెక్క ఇంజనీరుది. కానీ టీచరు ప్రశ్న ఆ పంపకం దగ్గరే మొదలవుతుంది.

టీచరు: రెండూ కలవాలన్నారు. కలిపేది ఎవరు? ఎండున్న అనంతపురం రైతును గానీ, ఎత్తున్న మా కొండదొరల్ని గానీ కూర్చోబెట్టి ఎవరైనా మాట్లాడారా? నా ప్రశ్న ఇంకొకటి. రాజస్థాన్‌లో తయారైన కరెంటు బెంగాలు కొనుక్కుంటే, అంత దూరం మోసిన కూలి ఎవరిచ్చారు?

ఇంజనీరు: మంచి ప్రశ్న అడిగారు. 2025 జూన్ 30లోగా మొదలైన సౌర, పవన కేంద్రాలకు రాష్ట్రాల మధ్య లైన్ల చార్జీ మాఫీ చేశారు. అందుకని కంపెనీలకు దూరంతో పని లేకుండా పోయింది. ఎండ ఎక్కడ ఎక్కువో, భూమి ఎక్కడ ఒక్కచోట వేల ఎకరాలు దొరుకుతుందో అక్కడికే పోయాయి. అనంతపురంలో ఏటా వాన 550 మిల్లీమీటర్లు. మన దగ్గర దానికి దాదాపు రెట్టింపు. జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బు. నేల ఏటవాలు, పైన అడవి. సోలారు ఇక్కడికి రాకపోవడానికి సగం కారణం ప్రకృతి, సగం ఆ చార్జీ మాఫీ. ప్రభుత్వాల తీరు కూడా ఉందనుకోండి. 2019 జూలైలో మన రాష్ట్రం పాత సౌర, పవన ఒప్పందాల ధరల్ని తిరగదోడింది. వివాదం హైకోర్టుకెక్కి 2022 దాకా నడిచింది. అలాంటప్పుడు పెట్టుబడిదారు పక్క రాష్ట్రం చూసుకుంటాడు.

టీచరు: అంటే తేడా పుట్టించింది ఎండొక్కటే కాదు. ఢిల్లీలో ఒక కాగితం రాశారు, తూర్పు రాష్ట్రాలు వెనకబడ్డాయి. తెలంగాణ చూడండి. అక్కడ సోలారంతా ఒకే పార్కులో పొయ్యకుండా, సబ్‌స్టేషన్ల లెక్కన జిల్లాలకు పంచి టెండర్లు పిలిచారు. ఎక్కడి కరెంటు అక్కడే లైనెక్కింది. మనసుంటే అలాగా చెయ్యొచ్చు.

ఇంజనీరు: చెయ్యొచ్చు. చిన్న సోలారు చోట్లు మైదానం మండలాల్లో చాలా ఉన్నాయి. కానీ టీచరమ్మా, దానికీ రాత్రి సమస్య ఉంటుంది. నిల్వ ఎక్కడో ఒకచోట పెట్టాలి.

టీచరు: సరే, నీళ్ల సంగతికి రండి. మూడో వంతు టీఎంసీ అన్నారు. ఏ గెడ్డ నుంచి?

ఇంజనీరు: ఒక్కసారి నింపుకుంటే చాలు. తర్వాత ఆ నీళ్లే పైకీ కిందకీ తిరుగుతాయి. ఏటా ఆవిరైపోయింది మాత్రం నింపుకోవాలి.

టీచరు: ఒక్కసారైనా ఏ గెడ్డ నుంచి? ఏ నెలలో? వేగావతి, సువర్ణముఖి వేసవిలో ఎలాగుంటాయో చూశారు కదా. పెద్దగెడ్డ కింద పాచిపెంట, సాలూరు, రామభద్రపురం రైతులు నాట్లకు నీళ్లెప్పుడు వదుల్తారా అని చూస్తుంటారు. ఏటా ఆవిరయ్యే నీళ్లు నింపడం ఎండాకాలంలోనే కావాలి, రైతుకూ అప్పుడే కావాలి. కరువొచ్చిన ఏడాది ముందు ఎవరికిస్తారు? కంపెనీకి ఒప్పందం కాగితముంది. రైతుకేముంది?

ఇంకో సంగతి మీ లెక్కలో లేనే లేదు. కొండ మీది ఊళ్లు గెడ్డ నీళ్లు తాగవు, ఊట నీళ్లు తాగుతాయి. కొండ పక్కలో రాతి పొరల మధ్య నుంచి ఏడాది పొడుగునా సన్నగా కారుతుంది. దానికి తొట్టి కట్టి గొట్టం వేస్తే మోటారు లేకుండా ఊళ్లోకి వస్తుంది. ఐటీడీఏ వాళ్లే చాలా ఊళ్లకు గ్రావిటీ నీళ్లని వేశారు. మరి పై చెరువు నుంచి కింది చెరువుకు సొరంగం తవ్వాలి. భూమిలో పవర్‌హౌసు కట్టాలి. అన్నిటికీ రాయి పేల్చాలి. ఊట దారి ఎటు మళ్లుతుందో ఎవరు చెప్పగలరు? ఊట పోతే ఊరు పోయినట్టే. ఆ ఊరు మునగలేదు కాబట్టి మునక జాబితాలో ఉండదు. పరిహారం ఎవరిస్తారు?

ఇంజనీరు: (చాలాసేపు ఆగి) సొరంగం వెళ్లే దారిలో ఊటల్ని గుర్తించి, పని మొదలుపెట్టకముందే కనీసం రెండు మూడేళ్లు నెలనెలా కొలవాలి. కొలిచి రాసిపెట్టుకుంటే తర్వాత తగ్గిందో లేదో తేలుతుంది. సాంకేతికంగా ఇది కష్టమైన పని కాదు. ఒక బకెట్టు, గడియారం ఉంటే మీ బడి పిల్లలే కొలవగలరు.

టీచరు: కొలిపిస్తాం. కానీ ముందు కొలత, తర్వాత అనుమతి. ఇక్కడ ముందు ఆమోదం పడింది.

ఊటల సంగతి దగ్గర ఇద్దరూ ఒకే చోటికొచ్చారు. మొత్తం సంవాదంలో అందరూ పట్టించుకోవాల్సింది ఇదే అనిపిస్తుంది. ఎన్ని ఎకరాలు మునుగుతాయి, ఎన్ని కుటుంబాలు లేస్తాయి అన్నది పేపర్లలో వస్తుంది. కొండ లోపలి నీరు గురించి ఎవరూ రాయరు. తాగునీరు ఊట మీద ఆధారపడ్డ ఊరికి అది భూమికంటే ముందు లెక్క. అనంతగిరి మండలంలో పంప్డ్ స్టోరేజీని వ్యతిరేకిస్తూ రోడ్డెక్కిన గిరిజనుల భయంలోనూ, రైవాడ జలాశయం కింది రైతుల భయంలోనూ ఉన్నది నీరే.

ఇంజనీరు: ఇప్పుడు నేనొక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. 2010లో సోంపేట బీలలో థర్మల్ ప్లాంటు వద్దన్నారు. 2011లో కాకరాపల్లిలో వద్దన్నారు. రెండుచోట్లా కాల్పుల్లో మనుషులు పోయారు, ఆ బాధ నాకూ ఉంది. కొవ్వాడలో అణు విద్యుత్తు వద్దంటున్నారు. ఇప్పుడు నీళ్లూ వద్దంటున్నారు. మరి ఈ బల్బు దేనితో వెలగాలి? పరవాడ సింహాద్రిలో 2,000 మెగావాట్లు బొగ్గుతో నడుస్తున్నాయి. ఆ బొగ్గు తాల్చేరు నుంచి వస్తుంది. అక్కడ తవ్వుతున్నది ఎవరి నేల? ఆ బూడిద పడేది ఎవరి ఊళ్లో? మీరు ఇక్కడ వద్దన్న ప్రతి మెగావాటూ ఇంకెక్కడో ఇంకొకరి పెరట్లో తవ్విస్తుంది. మీ కొండను కాపాడుకున్నారు సరే, తాల్చేరు వాళ్లను ఎవరు కాపాడాలి?

టీచరు: కోపం రాలేదు, మాట గుచ్చుకుంది. నిజమే. తాల్చేరు గురించి మా పిల్లలకు చెప్పాలి. కానీ మీరు చెప్పిన నాలుగు చోట్లా ఒక సంగతి ఒకేలాగుంది చూడండి. ఎక్కడా ముందు అడగలేదు. స్థలం తేల్చుకుని, కంపెనీని తేల్చుకుని, జీవో తెచ్చుకుని, అప్పుడు ఊరికొచ్చారు. అప్పటికి జనానికి మిగిలింది అడ్డం పడుకోవడమొక్కటే. ముందే వచ్చి, ఇదిగో కొండ, ఇదిగో మూడు దారులు, మీరేమంటారు అని ఎవరైనా అడిగి ఉంటే ఎక్కడో ఒకచోట సరే అనేవారేమో. ఒడిశా నియమగిరిలో ఏం జరిగింది? 2013లో సుప్రీంకోర్టు చెప్పాక 12 ఊళ్లలో గ్రామసభలు పెట్టారు. 12 ఊళ్లూ వద్దన్నాయి. ఒక్క కాల్పు లేదు, ఒక్క ప్రాణం పోలేదు. అడిగారు, చెప్పారు, తేలిపోయింది.

ఇంజనీరు: అది బాక్సైటు గని. ఇది కరెంటు.

టీచరు: అడిగే పద్ధతి రెండింటికీ ఒకటే. అది మా కోరిక కాదండీ, చట్టం. 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతం భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. 1997 జూలై 11న సమత తీర్పు వచ్చింది, ప్రభుత్వం కూడా ప్రైవేటు కంపెనీకి గనుల లీజు ఇవ్వకూడదంది. 1996లో షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం పెసా వచ్చింది, 2011లో మన రాష్ట్రం దానికి నిబంధనలు రాసింది. 2006లో అటవీ హక్కుల చట్టం. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షను షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ ముందస్తు సమ్మతి ఉండాలంటుంది. కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా చేసిన ఈ.ఏ.ఎస్. శర్మ గారు ఈ ప్రాజెక్టుల మీద ప్రభుత్వానికి ఉత్తరాలు రాసింది ఈ చట్టాలు చూపించే. ఆయనకు కరెంటు సంగతి తెలీదనలేరు కదా.

ఇంజనీరు: అనలేను. ఆయన మా అందరికీ పెద్దాయన. కానీ అటవీ భూమి విషయంలో కేంద్రం నిబంధనలు మార్చింది.

టీచరు: అదే చెబుతున్నాను. 2009 ఆగస్టులో పర్యావరణ శాఖ, అడవి మళ్లించాలంటే ముందు గ్రామసభ ఒప్పుకున్న కాగితం తెమ్మంది. 2022 జూన్‌లో వచ్చిన నిబంధనలు ఆ పనిని కేంద్రం ఆమోదం అయిపోయాక చూసుకోమని రాష్ట్రానికి వదిలేశాయి. పెళ్లయ్యాక పిల్లను ఇష్టమా అని అడిగినట్టుంది. ఇంకో ముడి చూడండి. మా మండలంలో షెడ్యూల్డ్ జాబితాలో ఉన్న ఊళ్లున్నాయి, లేని గిరిజన ఊళ్లున్నాయి. గెడ్డకు ఇటున్న ఊరికి 1/70 ఉంటుంది, అటున్న ఊరికి ఉండదు. ఇద్దరూ కొండదొరలే. కంపెనీ సర్వే చేసేవాడికి ఈ తేడా బాగా తెలుసు. మావాళ్లకే తెలీదు.

ఇంజనీరు: చట్టం సంగతి ఒప్పుకుంటాను, గ్రామసభ పెట్టాల్సిందే. అయితే గ్రామసభలో వద్దు అన్నమాటొక్కటే పెట్టుకుని వెళ్లకండి. ఏమిస్తే ఒప్పుకుంటారో కూడా పెట్టుకోండి. మన రాష్ట్రానికి పక్కనే పావగడ ఉంది. కర్ణాటకలో ఉన్నా ఇంట్లో తెలుగు మాట్లాడే రైతులు చాలామంది. చుట్టూ మన పాత అనంతపురం జిల్లా ఊళ్లే. అక్కడ 2,050 మెగావాట్ల పార్కుకు 13 వేల ఎకరాలు కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరానికి ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలుపెట్టి రెండేళ్లకోసారి 5 శాతం పెంచుతున్నారు. భూమి రైతు పేరు మీదే ఉంది. వానలేక వేరుశనగ ఎండిపోయే నేలకు అది తక్కువేం కాదు.

టీచరు: పట్టా ఉన్న రైతుకు. ఆ 13 వేల ఎకరాల్లో కూలికి పోయేవాళ్లు, గొర్రెలు మేపుకునేవాళ్లు ఏమయ్యారు? వాళ్లకు కౌలు రాదు, పనీ లేదు. మన ఎన్.పి.కుంటలోనూ పట్టాలేకుండా సాగు చేసుకున్నవాళ్లు పరిహారం దక్కలేదని ఆందోళన చేశారు. మా దగ్గర పోడు భూమికి అటవీ హక్కు పత్రం రానివాళ్లు ఇంకా ఉన్నారు. ముందు వాళ్ల పత్రం తేల్చకుండా ప్రాజెక్టు తెస్తే, వాళ్లు ఎక్కడా లెక్కకు రారు. అడ్డాకు ఏరుకునే ఆడమనిషికి ఏ పట్టా ఉంటుంది? చింతపండుకూ చీపుర్లకూ ఏ సర్వే నంబరు ఉంటుంది?

ఇంజనీరు: అందుకే కౌలు కాకుండా వాటా అడగమంటాను. మామూలు జలవిద్యుత్ ప్రాజెక్టయితే 12 శాతం కరెంటు ఆ రాష్ట్రానికి ఉచితంగా ఇవ్వాలి, పైన ఇంకో శాతం స్థానిక అభివృద్ధికి పోవాలి. అది జాతీయ విధానంలోనే ఉంది.

టీచరు: ఈ ప్రాజెక్టులకు అది వర్తిస్తుందా?

ఇంజనీరు: లేదు. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు పంప్డ్ స్టోరేజీని ఉచిత విద్యుత్ బాధ్యత నుంచి తప్పించాయి. నదిలో కట్టని వాటికి స్థానిక అభివృద్ధి నిధి కూడా అక్కర్లేదన్నాయి. కారణం ఏమి చెప్పారంటే, వీటికి పునరావాస సమస్యలుండవని.

టీచరు: ఉండవా!

ఇంజనీరు: మీ ముందు చెప్పడానికి నాకే ఇబ్బందిగా ఉంది. ఇది కొత్త కరెంటు పుట్టించదు, ఉన్నదాన్నే దాస్తుంది కాబట్టి అందులోంచి ఉచితంగా ఇవ్వలేరన్నది లెక్కప్రకారం సరైనదే. కానీ కొండ వాడుకున్నందుకు కొండకు ఏమీ ఇవ్వక్కర్లేదనడం సరికాదు. దాచినందుకు అద్దె వస్తుంది కదా, ఆ అద్దెలో వాటా అడగాలి. ఆ వాటా కలెక్టరాఫీసుకు కాదు, గ్రామసభల ఉమ్మడి ఖాతాకు రావాలి. నడుపుకోగలరా అంటారేమో. మన పాత విజయనగరం జిల్లాలోనే చీపురుపల్లి గ్రామీణ విద్యుత్ సహకార సంఘం నడిచింది. అనకాపల్లి, కుప్పం సంఘాలూ నడిచాయి. రైతులు సభ్యులుగా కరెంటు పంపిణీ చేసిన సంస్థలవి. సహకారంలో కరెంటు నడవదని ఎవరూ అనలేరు.

టీచరు: ఆ మాట నాకు నచ్చింది. కానీ ఇంకా ముందుకెళ్లండి. కోరాపుట్ జిల్లా పుట్‌సిల్‌లో 1999లో గెడ్డ మీద చిన్న జలవిద్యుత్ కేంద్రం పెట్టుకున్నారు. పద్నాలుగు కిలోవాట్లు. ఊరివాళ్లే రాళ్లు మోసి, ఊరివాళ్లే నడుపుకున్నారు. గెడ్డలున్న మా కొండకు సరిపడ్డ కరెంటు అది. దానికి ఏ విధానంలోనూ చోటు లేదు. 2024లో మన ప్రభుత్వం సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం తెచ్చింది, అందులో లక్షా అరవై వేల మెగావాట్లు, పది లక్షల కోట్లు ఉన్నాయి. ఒక ఊరికి సరిపడే పద్నాలుగు కిలోవాట్లు ఎక్కడున్నాయి?

ఇంజనీరు: పద్నాలుగు కిలోవాట్లతో ఉక్కు ఫ్యాక్టరీ నడవదమ్మా.

టీచరు: ఉక్కు ఫ్యాక్టరీకి మీరు దారి చూసుకుంటారు, ఎప్పుడూ చూసుకుంటూనే ఉన్నారు. మా ఊరికి రాత్రి పిల్లలు చదువుకోవడానికి, చోళ్లు ఆడించుకోవడానికి, ఆసుపత్రిలో మందుల పెట్టె చల్లగా ఉండడానికి ఎంత కావాలి? గాలివానకు ఘాటులో చెట్టు పడితే కొండ మీద కరెంటు పోయి ఎన్నాళ్లకొస్తుందో లైన్లు వేసిన మీకే తెలుసు. మేము రాష్ట్రానికి రాత్రి కరెంటు దాచిపెట్టాలి. మా రాత్రికి ఎవరు దాచారు?

ఇంజనీరు దీనికి జవాబు చెప్పలేదు. పెద్ద ప్రాజెక్టు వస్తే లైను, సబ్‌స్టేషను కూడా బాగుపడతాయని అన్నారు. టీచరు ఒప్పుకోలేదు, మాచ్‌ఖండ్ మళ్లీ గుర్తుచేశారు. గ్రామసభ ఒప్పుకుంటే కట్టొచ్చా అని ఆయనడిగితే, ఒప్పుకుంటే కట్టొచ్చు, వద్దంటే కొండ దిగిపోవాలి, రెండూ ముందే రాసివ్వండి అని ఆమె అన్నారు. వద్దంటే దిగిపోవడమనే మాట ఆయనకు రుచించలేదు. రాష్ట్రమంతటి అవసరాన్ని ఒక ఊరు ఆపగలగడం న్యాయం కాదని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆయన వెళ్లారు.

నేను టీచరు పక్షం. బొగ్గు తగ్గాలని, దానికి నిల్వ కావాలని ఇంజనీరు చెప్పినదాన్ని కాదనలేను. తాల్చేరు గురించి ఆయన అడిగిన ప్రశ్న ప్రతి ఉద్యమకారుడూ వినాల్సింది. కానీ రాష్ట్రం అవసరం ఎంత పెద్దదైనా, అడిగే వరసను తలకిందులు చేసే హక్కు దానికి రాదు. ఎండున్న ప్రాంతం ఎండనిచ్చి కౌలు తీసుకుంటుంటే, ఎత్తున్న ప్రాంతం ఎత్తునిచ్చి ఊట పోగొట్టుకోవడం అభివృద్ధిలో సమానత అనిపించుకోదు. ప్రభుత్వం చేయాల్సిన పనులు కష్టమైనవి కావు. కురుకుట్టి, కర్రివలస ప్రాజెక్టుల నివేదికలను తెలుగులో అచ్చువేసి ప్రతి సచివాలయంలో పెట్టాలి. ఊటల్ని కొలవాలి. పోడు పత్రాలు తేల్చాలి. షెడ్యూల్డ్ జాబితాలో లేని గిరిజన ఊళ్లకూ గ్రామసభ హక్కు ఇవ్వాలి. వేగావతి, పెద్దగెడ్డ, సువర్ణముఖి కింది ఆయకట్టు ఊళ్లనూ అడగాలి. వీటికి ముందు ఒక్క బండరాయి కూడా పేల్చకూడదు.

పాచిపెంట, సాలూరు, మక్కువ మండలాల్లో ఇది చదివేవాళ్లకు ఒక్క విన్నపం. గ్రామసభకు నోటీసు వచ్చిన రోజు కూలి పని మానుకునైనా వెళ్లండి, ఇంటి ఆడవాళ్లనూ తీసుకెళ్లండి. తీర్మానం పుస్తకంలో ఏం రాశారో గట్టిగా చదివించుకున్న తర్వాతే సంతకం గానీ వేలిముద్ర గానీ వేయండి. ఖాళీ కాగితం మీద మాత్రం వేయకండి.